ఇసుక నడిచే దారి మూస్తే ఊరు నిలుస్తుందా?
తిప్పలు, దిబ్బలు, మొగలు చెబుతున్న పాఠం

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్‌ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా కోతకు గురవుతున్నది. 2025 అక్టోబరులో మోంథా తుపాను వచ్చినప్పుడు కూడా అలలు రోడ్డు మీదికి ఎగసిపడి రాకపోకలు నిలిచిపోయాయి. కొత్తపల్లి మండలంలోని ఉప్పాడ, సుబ్బంపేట, మాయాపట్నం, కోనపాపపేట తీరాలలో ఇళ్లు కూలటం, కొబ్బరిచెట్లు వేళ్లతో సహా ఒరిగిపోవటం ఏటా చూస్తున్నదే. గట్టి గోడ కట్టి ఊరిని కాపాడాలని తీరవాసులు చాలాకాలంగా కోరుతున్నారు.

ఇదే కాకినాడకు దక్షిణాన, గోదావరి సముద్రంలో కలిసే వైపు, పరిస్థితి వేరుగా ఉన్నది. అక్కడ గత రెండు వందల ఏళ్లలో సముద్రం నడుమ దాదాపు 16 కిలోమీటర్ల పొడవున ఇసుక నేల కొత్తగా పుట్టింది. హోప్‌ ఐలండ్‌ అని పిలుస్తున్న నేల అదే. ఒకే తీరంలో ఒకచోట నేల పుడుతుంటే, కొద్ది కిలోమీటర్ల దూరంలో మరొకచోట నేల పోతున్నది. ఇది సముద్రుడి కోపమూ కాదు, కరుణా కాదు. ఇసుక నడకను బట్టి జరుగుతున్న పని. ఆ నడక తెలిస్తే గోడ ఎంతవరకు ఉపయోగమో, మన చేతిలో ఇంకేమి ఉన్నదో తెలుస్తుంది.

ఇసుక ఎక్కడిది?

తీరం మీది ఇసుక సముద్రం అడుగున పుట్టినది కాదు. చాలా భాగం నదులు తెచ్చినదే. నాసిక్‌ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వంటి నదులు కలుస్తాయి. కొండలను, పొలాలను కడిగిన మన్నూ ఇసుకా వరద రోజులలో పాపికొండలు దాటి ధవళేశ్వరం మీదుగా దిగువకు వస్తాయి. సన్నని ఒండ్రు నీటిలో తేలి దూరం పోతుంది. బరువైన ఇసుక మాత్రం నది సముద్రంలో కలిసే చోటనే దిగబడుతుంది. నీటి వడి తగ్గిన చోట బరువు దిగటం సహజం. కాలువ మలుపులో మేట పడటం ప్రతి రైతూ ఎరిగినదే. నది మొగలో జరిగేదీ అదే.

మొగ అంటే నది గాని ఏరు గాని సముద్రంలో కలిసే చోటు. కాకినాడలోని ఏటిమొగకు ఆ పేరు అలా వచ్చినదే. మొగలో నదీ ప్రవాహం ముందుకు తోస్తుంది, అల వెనక్కు తోస్తుంది. ఈ రెండింటి పోరులో నీటి అడుగున ఇసుక గట్టు పడుతుంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది వద్ద జనం అన్నాచెల్లెళ్ల గట్టు అని పిలుచుకునే ఇసుక మేట ఇటువంటిదే. పడవలు మొగ దాటేటప్పుడు ఈ గట్టు తగిలి ప్రమాదాలు జరుగుతాయి. వరద ఎక్కువైన ఏడు గట్టు తెగి మొగ తెరుచుకుంటుంది. వరద లేని ఏడు మొగ పూడిపోతుంది. పులికాట్‌ ముఖద్వారం పూడిపోతున్నదని అక్కడి మత్స్యకారులు మొరపెట్టుకుంటున్నది కూడా ఇసుక గట్టు గురించే.

అల మోసే బరువు

మొగ దగ్గర దిగిన ఇసుక అక్కడే ఉండిపోదు. అల ఒడ్డుకు నేరుగా రాదు, గాలి వాటాన్ని బట్టి ఏటవాలుగా వస్తుంది. వచ్చేటప్పుడు ఇసుకను ఏటవాలుగా పైకి తోస్తుంది. తిరిగి పోయేటప్పుడు పల్లానికి నేరుగా జారుతుంది. ఒక్కొక్క అలతో రేణువు జానెడో మూరెడో పక్కకు జరుగుతుంది. రోజుకు వేల అలలు, ఏడాదికి లక్షల అలలు. ఈ విధంగా తీరం పొడవునా ఒక ఇసుక నది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

మన తీరంలో సుమారు మార్చి నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులకు ఇసుక ఉత్తరంగా నడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య గాలులకు దక్షిణంగా తిరుగుతుంది. ఉత్తరంగా పోయేది ఎక్కువ, దక్షిణంగా వచ్చేది తక్కువ. ఏడాది చివర లెక్క చూస్తే ఇసుక ఉత్తరానికే పోయినట్లు తేలుతుంది. తూర్పు తీరంలో రేవు కట్టినా, గోడ కట్టినా, మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే.

తుపాను రోజులలో పెద్ద అలలు ఒడ్డు ఇసుకను లోపలికి ఈడ్చి నీటి అడుగున గట్టుగా పేరుస్తాయి. సముద్రం నెమ్మదించిన తరువాత చిన్న అలలు అదే ఇసుకను మెల్లగా ఒడ్డుకు చేరుస్తాయి. తుపాను మరునాడు కోసుకుపోయినట్లు కనిపించిన ఒడ్డు కొన్ని నెలలకు మళ్లీ నిండటానికి కారణం ఇదే. అయితే తిరిగి రావటానికి ఇసుక మిగిలి ఉండాలి. ఉప్పాడ వద్ద తిరిగి వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ.

నాలుకలా సాగిన దిబ్బ

గౌతమి మొగ నుంచి ఉత్తరంగా నడిచిన ఇసుకకు కాకినాడ దగ్గర తీరం లోపలికి వంగి ఉండటం వలన ఆనుకునేందుకు ఒడ్డు దొరకలేదు. అందుచేత అది తీరాన్ని విడిచి నీటిలోనే ముందుకు సాగి, నాలుకలాగ పొడవైన దిబ్బ అయింది. ఒక చివర నేలను అంటి, రెండవ చివర సముద్రంలోకి చాచి ఉండే ఇటువంటి ఇసుక నేలను ఇంగ్లీషులో స్పిట్‌ అంటారు. అది పూర్తిగా తీరానికి సమాంతరంగా సాగి, వెనుక ఉప్పునీటి సరస్సును మూసి ఉంచితే దానిని అడ్డు దీవి అనవచ్చు. పులికాట్‌ సరస్సుకు, సముద్రానికి మధ్యనున్న శ్రీహరికోట అటువంటిది. రాకెట్లు లేచే ఆ నేల కూడా అలలు పేర్చిన ఇసుకే.

హోప్‌ ఐలండ్‌ అన్న పేరు ఇంగ్లీషువారి కాలం నాటిది. హోప్‌ అంటే ఆశ. కాకినాడ రేవుకు ఆ పేరు తగినదే అయింది. దిబ్బ అడ్డు ఉండటం వలన దాని వెనుక నీరు నెమ్మదిగా ఉండి ఓడలు లంగరు వేయటానికి అనువైంది. దిబ్బ చాటున ఒండ్రు నిలిచి మడ అడవులు పెరిగాయి. 1978లో కోరంగి అభయారణ్యం ఏర్పడింది. దిబ్బ మీది ఇసుకలో ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

ఒకరికి ఆశ అయినది మరొకరికి నిరాశ కావచ్చు. కాకినాడ కంటే ముందు పేరు మోసిన రేవు కోరంగి. అక్కడ ఓడలు కట్టేవారు. బర్మాకు వలస పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలు అని పిలవటానికి కారణం ఈ రేవే. 1839 నవంబరు తుపాను కోరంగిని దెబ్బతీసింది. గోదావరి మేటలు ఓడల దారిని పూడ్చాయి. రేవు కాకినాడకు తరలిపోయింది. ఇసుక ఒక పట్నాన్ని పడగొట్టి, మరొక పట్నాన్ని నిలబెట్టింది.

ఉప్పాడకు వస్తున్న చిక్కు కూడా ఈ దిబ్బతో ముడిపడి ఉన్నదని నిపుణులు చెబుతున్నారు. ఉత్తరానికి నడవవలసిన ఇసుకలో కొంత దిబ్బ చివరనే నిలిచిపోతున్నది. దిబ్బను తప్పించుకుని వచ్చే అలల బలం ఉప్పాడ వైపు కేంద్రీకృతమవుతున్నది. దీనికి తోడు రేవు కట్టడాలు, ఓడల కాలువ తవ్వకాలు ఇసుక దారికి అడ్డు తగులుతున్నాయి.

పేరులోనే నేల గుణం

పుస్తకాలు చదవని పెద్దలు ఈ సంగతులన్నీ పేర్లలో దాచి పెట్టారు. నీటి నడుమ మెరకగా లేచిన నేల తిప్ప. కాట్రేనికోన మండలంలోని బలుసుతిప్ప, మగసానితిప్ప అటువంటివి. బలుసు పొదలు మొలిచిన తిప్ప బలుసుతిప్ప. ఇసుక పోగై ఎత్తుగా నిలిచినది దిబ్బ. కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో ఈలచెట్లదిబ్బ, బాపట్ల జిల్లా రేపల్లె మండలంలో లంకెవానిదిబ్బ ఉన్నాయి. నది పాయల మధ్య ఒండ్రు నేల లంక. దివి అంటే దీవి. దివిసీమ అంటే నీటి నడుమ సీమ. దిబ్బల నడుమ పోటు నీరు ఎక్కి దిగే చవిటి నేల పర్ర. మెరకల మధ్య లోతట్టు నేల పల్లం. పోటు నీరు పారే ఏరు ఉప్పుటేరు. ఓడలు ఆగిన చోటు ఓడలరేవు.

ఈ పేర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క హెచ్చరిక. తిప్ప అన్నది నీరు ఇచ్చిన నేల, నీరు తిరిగి అడగవచ్చు. పర్ర అన్నది పోటు నీటికి చోటు, అక్కడ ఇల్లు కడితే పోటు ఇంట్లోకి వస్తుంది. దిబ్బ మాత్రమే ఉన్నవాటిలో నమ్మదగినది. అందుకే పాతకాలపు పల్లిపాలేలు దిబ్బల చాటున వెలిశాయి. పర్రలో ఊరు కట్టే ముందు పెద్దలు రెండుసార్లు ఆలోచించేవారు.

రెవెన్యూ రికార్డులలో మాత్రం ఈ తేడా చాలాచోట్ల కనిపించదు. దిబ్బ అయినా పర్ర అయినా పోరంబోకు అని ఒకే మాటతో సరిపోతున్నది. పోరంబోకు అన్న మాటకు జనం వాడుకలో ఎవరికీ చెందనిది అని అర్థం. ఎవరికీ చెందని దానిని తవ్వుకుపోవటం తేలిక.

కొబ్బరి తోటల కింద పాత తీరాలు

కోనసీమలో కొన్ని ఊళ్లలో బావి తవ్వితే సముద్రపు ఇసుక, గవ్వలు బయటపడతాయి. సముద్రం అక్కడికి మైళ్ల దూరంలో ఉన్నా ఇలా జరగటంలో వింత లేదు. ఒకప్పుడు సముద్రపు ఒడ్డు అక్కడే ఉండేది. సుమారు ఆరేడు వేల ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటి స్థాయికి దగ్గరగా నిలకడ చెందింది. నాటి నుంచి గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఒడ్డు పొడవునా గట్టుగా పేర్చటం, దాని ముందు మరొక గట్టు పేరటం, పాత గట్టు లోపలి నేలగా మిగలటం జరుగుతూ వచ్చింది. డెల్టాలో తీరానికి సమాంతరంగా వరుసలు తీరిన ఈ ఇసుక మెరకలు ఒకప్పటి తీర రేఖలు.

మెరక మీద ఇళ్లు, కొబ్బరి తోటలు, మెరకల మధ్య పల్లంలో వరిచేలు. ఈ ఏర్పాటును మనిషి చేయలేదు, సముద్రం గీసి ఇచ్చింది. కొల్లేరు కూడా ఒకప్పుడు సముద్రపు అంచున ఉన్నదే. కృష్ణ, గోదావరి రెండు వైపులా మేటలు వేసుకుంటూ ముందుకు పోగా, మధ్య మిగిలిన లోతట్టు కొల్లేరు సరస్సు అయింది. నది ఇసుక ఇస్తూ ఉన్నంతకాలం తీరం సముద్రంలోకి నడిచిందని ఈ మెరకలు సాక్ష్యం చెబుతున్నాయి.

దిబ్బ చేసే మేలు

ఒడ్డున ఆరిన ఇసుకను గాలి ఎత్తుకుపోయి దిబ్బ కడుతుంది. కళ్లంలో తూర్పారబట్టినప్పుడు తాలు ఒకవైపు, గింజ ఒకవైపు పడినట్లు, గాలి సన్నని ఇసుకను వేరు చేసి లోపలికి తెస్తుంది. బాలబంద తీగ, రావణాసురుని మీసాలు, మొగలి పొద అడ్డు తగిలిన చోట ఆ ఇసుక దిగుతుంది. ఇసుక కప్పినకొద్దీ ఈ మొక్కలు పైకి పాకుతాయి. అవి పాకినకొద్దీ దిబ్బ పెరుగుతుంది. మొక్క పోతే దిబ్బ కదులుతుంది.

దిబ్బ చేసే మేలు మూడు విధాలు. మొదటిది, అది ఒడ్డుకు దాచుకున్న ధాన్యపు గాదె వంటిది. తుపానులో సముద్రం దిబ్బ ఇసుకను తీసుకుని తన ఆకలి తీర్చుకుంటుంది, ఊరి మీదికి రాదు. నెమ్మదించిన తరువాత తిరిగి ఇస్తుంది. రెండవది, ఉప్పెన బలాన్ని తగ్గిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమను కుదిపిన తుపాను చూసినవారికి ఒక్క మెరక విలువ ఎంతో చెప్పనక్కరలేదు. ఎంతటి ఉప్పెననైనా దిబ్బ ఆపుతుందని కాదు. దాని వేగాన్ని తగ్గించి, ప్రాణాలు దక్కించుకునే వ్యవధి ఇస్తుంది.

మూడవది మంచినీరు. చుట్టూ ఉప్పునీరు ఉన్నా ఇసుక దిబ్బలో చెలమ తవ్వితే తియ్యని నీరు ఊరుతుంది. వాన నీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటి కంటే తేలిక కావటం వలన దాని మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద దాదాపు 40 అడుగుల లోతు వరకు మంచినీరే ఉంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. దిబ్బను తవ్వి నేలమట్టం చేస్తే, లేదా మోటార్లతో విపరీతంగా తోడితే, పైన తగ్గిన ఒక్క అడుగుకు కింద 40 అడుగుల మేర ఉప్పు పైకి వస్తుంది. తీరగ్రామాలలో చేతిపంపులు ఉప్పుబారటంలో దీని పాత్ర తక్కువ కాదు.

రాబడి తగ్గింది

ఇంత చేసే ఇసుకకు ఇప్పుడు రాబడి తగ్గిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు కె. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970–79 మధ్య ఏడాదికి 15 కోట్ల టన్నులు ఉండగా, 2000–06 నాటికి 5 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి ఇంకా విచారకరం. 1966–69లో 90 లక్షల టన్నులు ఉన్నది 2000–05 నాటికి 4 లక్షల టన్నులకు దిగింది. కృష్ణలో దిగువకు వచ్చే నీరే 1951–59 నాటి సుమారు 2,185 టీఎంసీల నుంచి 2000–08 నాటికి 417 టీఎంసీలకు తగ్గింది. గోదావరిలో నీరు పెద్దగా తగ్గకపోయినా ఒండ్రు తగ్గింది. ఎగువన కట్టిన ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవటమే దీనికి ముఖ్య కారణమని ఆ పరిశోధన తేల్చింది.

ఫలితం తీరం మీద కనిపించింది. 1965–2008 మధ్య 336 కిలోమీటర్ల కృష్ణా గోదావరి డెల్టా తీరంలో, పెరిగినది మినహాయించగా, 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైంది. అంటే 18 వేల 700 ఎకరాల పైచిలుకు. వేల ఏళ్లపాటు ముందుకు నడిచిన తీరం వెనుకకు తిరిగిందన్నమాట.

ఆనకట్టలు లేకపోతే డెల్టాకు అన్నం లేదు. వాటిని తప్పు పట్టి లాభం లేదు. కాని ఆనకట్ట దాటి వచ్చిన కొద్దిపాటి ఇసుకను కూడా నదిలో ర్యాంపుల వద్ద తోడేస్తూ, ఒడ్డున దిబ్బలను తవ్వి ఇళ్ల స్థలాలు మెరక చేయటానికి తరలిస్తూ ఉంటే తీరం దేనితో నిలవాలి? రాబడి తగ్గిన ఇంట్లో గాదె కూడా ఖాళీ చేసినట్లు అవుతున్నది.

రాష్ట్రమంతటా ఒకే తీరు లేదన్నది కూడా గమనార్హం. 1990–2018 మధ్య కేంద్ర ప్రభుత్వ సంస్థ జరిపిన పరిశీలనలో ఆంధ్రప్రదేశ్‌ తీరంలో నూటికి 29 పాళ్లు కోతకు గురైనట్లు, దాదాపు సగం మేట వేసినట్లు తేలింది. కనుక ఇసుక మొత్తం మాయమవుతున్నదని కాదు. ఊరున్న చోట పోతున్నది, ఊరు లేని చోట చేరుతున్నది.

గోడ ఒక్కటే మందా?

ఉప్పాడ వంటి చోట్ల ఊరు సముద్రం అంచుకు వచ్చింది. అక్కడ రాళ్లు గాని గోడ గాని వేయక తప్పని పరిస్థితి ఉన్నది. కాని గోడ ఇసుకను తేలేదు. గోడకు తగిలిన అల వెనుదిరిగి పునాది ముందు ఇసుకను తవ్వుతుంది. కొన్నేళ్లకు గోడే కుంగుతుంది. గోడ ముగిసిన చోట నుంచి ఉత్తరాన ఉన్న ఊరికి కోత మొదలవుతుంది. ఉప్పాడలో వేసిన జియోట్యూబ్‌ అడ్డుకట్ట తుపాన్లకు దెబ్బతిన్నది. ఒక ఊరికి కట్టిన గోడ పక్క ఊరికి తంటా తెచ్చిపెట్టకుండా చూడటం ముఖ్యం.

మార్గాలు లేకపోలేదు. విశాఖపట్నంలో రేవు కట్టినప్పుడే ఈ ఇసుక నడక ఇంజనీర్లకు సమస్య అయింది. రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డు వేశారు. రేవు 1933లో ప్రారంభమైంది. రేవు దగ్గర ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఉత్తరాన ఉన్న బీచికి చేర్చే పని అక్కడ జరుగుతూ వస్తున్నది. పుదుచ్చేరిలో 1980 దశకంలో రేవు కట్టిన తరువాత పట్నం ముందు బీచి కరిగిపోగా, 2018లో నీటి అడుగున కృత్రిమ దిబ్బను అమర్చిన తరువాత ఇసుక తిరిగి చేరటం మొదలైంది. ఈ రెండుచోట్లా చేసినది సముద్రాన్ని ఎదిరించటం కాదు, ఇసుకకు దారి చూపటం. కాకినాడ కాలువలో తోడిన ఇసుక పనికివచ్చేదయితే దానిని ఉప్పాడ ఒడ్డుకు చేర్చే అవకాశాన్ని ప్రభుత్వం, రేవు అధికారులు కలిసి పరిశీలించవలసి ఉన్నది.

గ్రామం చేయగలిగినది

పెద్ద పనులు ప్రభుత్వానివి. కాని దిబ్బను కాపాడటం గ్రామం చేతిలోని పని. 2019 నాటి తీర నియంత్రణ మండలి ప్రకటన ప్రకారం ఇసుక దిబ్బలు అత్యంత రక్షణ గల మొదటి తరగతి కిందకు వస్తాయి. సజీవమైన దిబ్బలను చదును చేయటం, రూపు మార్చటం నిషిద్ధం. అందం కోసమని చేసినా నిషిద్ధమే. ఈ సంగతి చాలా గ్రామాలలో తెలియదు. తెలిసినచోట అడిగేవారు లేరు.

ప్రతి తీర పంచాయతీ తన పరిధిలోని దిబ్బలు, పర్రలు, మొగలు ఎక్కడెక్కడ ఉన్నవో పాత పేర్లతో సహా గ్రామసభలో రాయించుకుని, రెవెన్యూవారి పటంలో గుర్తింపజేయటం మంచిది. దిబ్బ మీద ట్రాక్టరు కనిపించిన రోజున అది పోరంబోకు కాదు, ఊరి గట్టు అని చెప్పటానికి ఆధారం ఉంటుంది. 1977 తరువాత రక్షణ పట్టీలుగా పెంచిన సరుగుడు తోటలు మంచివే. అయితే తోట కోసం దిబ్బను చదును చేస్తే అసలుకే మోసం వస్తుంది. ముందు వరుసలో తీగను, మీసాల గడ్డిని, మొగలిని ఉండనిచ్చి, వెనుక చెట్లు వేయాలి. పడవలు, పశువులు, మనుషులు దిబ్బను దాటటానికి ఒకటి రెండు దారులు మాత్రమే ఉంచితే మిగతా దిబ్బ నిలుస్తుంది. కొత్త ఇళ్ల స్థలాలు ఇచ్చేటప్పుడు పర్రలో, తిప్ప అంచున కాక మెరక మీద, ఒడ్డుకు తగిన దూరాన ఇవ్వాలని అధికారులను అడగాలి.

ఈ తీరాన్ని కట్టినవారు మనుషులు కారు. నది తెచ్చింది, అల మోసింది, గాలి పేర్చింది, తీగ పట్టి నిలిపింది. తాతలు దానికి పేరు పెట్టి, ఎక్కడ ఉండాలో ఎక్కడ ఉండకూడదో ఆ పేరులోనే చెప్పి పోయారు. నదిలో రాబడి తగ్గిన ఈ రోజులలో ఒడ్డున మిగిలిన ప్రతి దిబ్బా ఊరికి పెట్టుబడి. దానిని బండికి ఇంత అని అమ్ముకున్న ఊరు, ఆ తరువాత కోట్ల రూపాయల గోడ కోసం అర్జీలు పట్టుకుని తిరగవలసి వస్తుంది.